జార్జిటౌన్ సత్రంలో నా కోసం మేలుకున్న అవ్వకి

అమ్మని నిన్న సాయంత్రం ఐసీయూలోంచి వార్డుకి మార్చారు. ఈ పొద్దున ఒకటిన్నర ఇడ్లీ తిని, "చట్నీలో కారం ఏదే, వీళ్ల మొహం మండా" అంది. అమ్మ వంకలు పెట్టడం మొదలుపెట్టిందంటే గండం గడిచినట్టే. మేం ఒంగోలు వదిలి చెన్నై వచ్చి పదకొండు రోజులైంది. వార్డు బయట ఇనప కుర్చీలో కూర్చుని ఫోన్లో కొడుతున్నా, కళ్లు మూతలు పడుతున్నాయి. తెలుగు పంతులమ్మవై ఉండి ఈ తప్పులేంటని మా బడి పిల్లలెవరూ స్క్రీన్‌షాట్లు తీయొద్దు.

డబ్బు సర్ది, పదకొండు రాత్రులు ఈ కుర్చీల్లోనే కునికిన తమ్ముడికి, ఇంటి దగ్గర పిల్లల్ని చూసుకుంటున్న మా ఆయనకి, అత్తయ్యకి నేను థాంక్స్ అంటే తిడతారు. ఇంటికొచ్చాక మాట్లాడుకుందాం. ఇది ఒకావిడ కోసం రాస్తున్నది. ఆవిడకి ఫేస్‌బుక్ లేదు, ఉన్నది బటన్ల ఫోను, అదీ సగం రోజు చార్జింగ్ లేకుండా పడుంటుంది. చదవదని తెలుసు. అయినా రాయకుండా రైలెక్కలేను.

అమ్మకి గుండెలో మైట్రల్ వాల్వు మార్చాలన్నారు. పినాకిని రైల్లో వచ్చి చేర్పించాం. ఆసుపత్రిలో తోడుండటానికి ఒక్కరికే పాసు. అది తమ్ముడి మెళ్లో పడింది. మరి నేనెక్కడ పడుకోవాలి? కౌంటర్లో అడిగితే అమ్మాయి తలెత్తకుండా "వెలియ పార్త్తుక్కోంగ" అంది. బయట చూసుకోమని. చుట్టుపక్కల లాడ్జీల్లో రోజుకి రెండు వేలు, పైగా ఆడమనిషి ఒక్కతే అంటే గది లేదంటారు. పక్క బెడ్డు సూళ్లూరుపేట ఆయన చెప్పాడు, జార్జిటౌన్‌లో మనవాళ్ల కాలం నాటి సత్రం ఒకటుంది, అడిగి చూడమ్మా అని. దాని పేరు రాయను. కారణం కింద మీకే తెలుస్తుంది.

వందేళ్లు దాటిన కట్టడం. వీధి వైపు రాతి అరుగు, దాన్ని ఇక్కడ తిణ్ణె అంటారు. లోపల మండువా, చుట్టూ చిన్న చిన్న గదులు. పడుకుని పైకి చూస్తే టేకు దూలాల మధ్య సన్నటి ఇటుకలు అంచుల మీద నిలబెట్టి ఏటవాలుగా పేర్చి ఉంటాయి. సున్నంతో అతికిన ఈ కప్పునే మద్రాస్ టెర్రస్ అంటారు. ఆ గదిలో మధ్యాహ్నం కూడా ఫ్యాను అక్కర్లేనంత చల్లన. ఆటోలో వెళ్తూ నెట్లో ఆ సత్రం గురించి జనం రాసినవి చదివా. ఒకాయన అమ్మమ్మ ఇంట్లో ఉన్నట్టుందని ఐదు నక్షత్రాలిచ్చాడు. దాని కిందే ఇంకొకాయన ఒక్క నక్షత్రం ఇచ్చి, ఎలుకలు, కారే కప్పు, గయ్యాళి ముసలమ్మ, కుక్క కూడా ఉండదు అని రాశాడు. రెండూ ఒకే వారంలో రాసినవి. ఇద్దరూ ఒకే సత్రంలో దిగారా అని అనుమానమొచ్చింది.

నాకు వీరాస్వామయ్య గారు గుర్తొచ్చారు. ఏనుగుల వీరాస్వామయ్య గారు 1830 మేలో ఈ పట్నం నుంచే కాశీకి బయలుదేరి, పదిహేను నెలలు తిరిగి 1831 సెప్టెంబరులో ఇల్లు చేరారు. అప్పటి మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ ఉద్యోగం చేసిన మనిషి. మజిలీ మజిలీకి ఇక్కడ సత్రముందా, అంగళ్లున్నాయా, నీళ్లెలా ఉన్నాయి, బసకి చోటుందా అని రాసుకుంటూ పోయారు. ఆయన కాలంలో నక్షత్రాలు లేవు గానీ పని అదే.

మొదటి రోజు సాయంత్రం నన్నడిగితే నేనూ ఒక్క నక్షత్రమే ఇచ్చుండేదాన్ని. మేనేజరు ఆధార్ కార్డు అటూ ఇటూ తిప్పి చూసి, "మూడు రోజులే. పదింటికి గేటు మూస్తాం. తర్వాత వస్తే మా బాధ్యత లేదు" అన్నాడు. చెప్పులతో మండువాలోకి అడుగు పెట్టానో లేదో, ఊడ్చే చీపురు ఎత్తి ఒక ముసలావిడ అరిచింది, "ఏయ్, ఇది ఇల్లు మా, బస్టాండు కాదు!" డెబ్బై ఏళ్లుంటాయి, ముక్కుకి రెండు వైపులా బేసరి, ఎముకల పోగు. నేను నోరు మూసుకుని చెప్పులు చేత్తో పట్టుకుని వెళ్లిపోయా. గదిలో కూర్చుని ఏడవాలనిపించింది గానీ ఏడుపు రాలేదు.

మూడో రోజు రాత్రి సంగతి చెప్తా.

మర్నాడు ఆపరేషన్. ఇన్సూరెన్సు వాళ్లు పొద్దుటి నుంచీ క్వెరీ మీద క్వెరీ. అమ్మకి చిన్నప్పుడు కీళ్లవాతం జ్వరం వచ్చిందా, వస్తే ఆ కాగితాలేవి? అరవై నాలుగేళ్ల మనిషి చిన్నప్పటి జ్వరానికి కాగితాలడుగుతారు! పదిహేనేళ్లుగా ప్రీమియం కడుతున్నాం, ఒక్క నెల ఆలస్యమైతే మెసేజీల మీద మెసేజీలు పంపుతారు. మనకి అవసరమొచ్చిన రోజున మాత్రం మనమే దొంగలం. అప్రూవల్ వచ్చేసరికి రాత్రి పదకొండున్నర. బయట కార్తీక మాసపు వాన, ఈ ఊళ్లో అసలు వానాకాలం అదే. ఆటో ఆయన మింట్ స్ట్రీట్ మొగలో ఆపేసి, ఇంజన్లోకి నీళ్లు పోతాయి, ఇక రానన్నాడు. అక్కడి నుంచి మోకాళ్ల లోతు నీళ్లలో, కరెంటు పోయిన వీధుల్లో, గోడలు పట్టుకుని నడిచా. మేనేజరు ఫోను స్విచాఫ్. ఒంటిగంట కావస్తోంది. అరుగు మీదే పడుకుందాం, తెల్లారేదాకా ఎలాగోలా అనుకుంటూ వెళ్లా.

అరుగు మీద ఒక గోనెపట్టా కదిలింది. దాని కింద ఆవిడ.

"వచ్చినావా? ఎంతసేపు మా! సాయంకాలం నించీ చూస్తా ఉండా" అంటూ లేచి గేటు తోసింది. తాళం ఉంది గానీ, నొక్కలేదు. వేసినట్టు కనిపించేలా గొళ్లేనికి ఊరికే తగిలించి ఉంచింది. మేనేజరు చూసి సరే తాళం పడిందనుకుని వెళ్లిపోవాలని. ఆ తాళం అట్లా వేలాడుతుంటే చూశాను చూడండి, అది ఇప్పటికీ కళ్ల ముందు నుంచి పోవడం లేదు.

మెట్ల కింద ఆవిడ గది. గది అనకూడదు, నా బడిలో బీరువా దానికన్నా వెడల్పు. తువ్వాలిచ్చింది, తన చీరిచ్చింది. ఉతికి ఉతికి పువ్వులు చెరిగిపోయిన చీర, నాఫ్తలీన్ ఉండల వాసన. వేడినీళ్లు పోసింది. అన్నం, మిరియాల చారు, చిన్న గిన్నెలో నార్త్తంగాయ ఊరగాయ, అంటే మన దబ్బకాయ. రెండు కంచాలు పెట్టింది. ఇంత రాత్రి మీరు తినకుండా ఎందుకున్నారవ్వా అంటే, "నువ్వు తినలే కదా" అంది. అంతే, ఇంకేం చెప్పలేదు.

డాక్టరు మా ముందు రిస్కు ఎంతో చెప్పినప్పుడు ఏడవలేదు. తమ్ముడు సంతకం పెడుతూ చెయ్యి వణికితే నేనే ధైర్యం చెప్పా. ఆ చారన్నం ముందు కూర్చుని మాత్రం వెక్కి వెక్కి ఏడ్చేశాను. ఆవిడ ఓదార్చలేదు, వీపు నిమరలేదు. కాసేపు చూసి, "చారు చల్లారిపోతాది పాపా. ముందు తినుకో, తర్వాత ఏడువు" అంది. తిన్నాను. తర్వాత ఏడుపు రాలేదు, నిద్రొచ్చింది.

తెల్లారి లేచేసరికి కందకోట్టం మురుగన్ గుడికి వెళ్లి విబూది తెచ్చి పొట్లం కట్టి పెట్టింది. అమ్మ ఆపరేషన్ థియేటర్‌లోకి వెళ్లేముందు నుదుట పెట్టమంది. మేం వైష్ణవులం. పెట్టాను.

ఆ తర్వాత రోజూ క్యారేజీ. అమ్మకి గంజి ఇవ్వొచ్చన్న రోజున డైటీషియన్ని అడిగి, ఉప్పు తగ్గించి కాచమని చెప్తే, "కంజితొట్టిలో పుట్టినదాన్ని, నాకు కంజి నేర్పిస్తావా?" అని నవ్వింది. నాకు అర్థం కాలేదు. తర్వాత మందులషాపు ఆయన చెప్పాడు. ఇక్కడి పాతవాళ్లు స్టాన్లీ ఆసుపత్రిని ఇప్పటికీ కంజితొట్టి ఆసుపత్రి అనే అంటారట. 1782లో హైదరాలీ యుద్ధం, కరువు కలిసొచ్చి పల్లెల జనం పట్నం మీదికొచ్చి పడ్డప్పుడు, మణియక్కారర్ సత్రంలో వాళ్లకి గంజి పోశారు. ఆ గంజి పోసిన చోటే వైద్యమూ మొదలై, చివరికి అంత పెద్ద ఆసుపత్రి అయింది. ఈ ఊళ్లో ఆసుపత్రీ సత్రమూ ఒక కడుపున పుట్టినవన్నమాట. ఇప్పుడు ఆసుపత్రిలో తోడు మనిషికి చాపెడు చోటు లేదు, సత్రంలో మూడు రోజుల తర్వాత చోటు లేదు.

తోటకూర పప్పు కూడా ఒక రోజు తెచ్చింది పాపం. రక్తం పల్చబడే మందు వాడుతున్నారు, ఆకుకూరలు ఉన్నట్టుండి ఎక్కువైతే ఆ మందు లెక్క తప్పుతుందన్నారు, అమ్మకి పెట్టలేదు. నేనూ తమ్ముడూ తినేశాం. ఆవిడకి చెప్పలేదు.

ఇప్పుడు ఇంకో మాట రాయాలి, రాయకపోతే నేను రాసినదంతా సగం అబద్ధం. పై అంతస్తులో కావలి నుంచి వచ్చిన కుటుంబం ఉంది, చంటిబిడ్డతో. వాళ్ల గదిలో వాన పడితే మూడు చోట్ల కారుతుంది. పగిలిన సున్నం కప్పు మీద ఎవరో సిమెంటు పూశారు, నీళ్లు లోపలే నిలిచి దూలం పుచ్చింది. నా గది చల్లగా ఉండటానికీ, వాళ్ల బిడ్డకి జలుబు చేయడానికీ కారణం ఆ ఒక్క కప్పే. వేడినీళ్లకి బకెట్టుకింత అని మేనేజరు వాళ్ల దగ్గర వసూలు చేశాడు. బిడ్డ గుడ్డలు కటకటాలకి ఆరేస్తే కిందికి నీళ్లు కారుతున్నాయని మా అవ్వే నానా తిట్లూ తిట్టింది. నాకు చారన్నం పెట్టిన నోటితోనే. ఆ పిల్లతల్లి వెళ్తూ వెళ్తూ నాతో అంది, "మీకేం మేడమ్, మీకు కింద గది." సత్రం గురించి ఏం రాయబోతోందో నాకు తెలుసు. అది అబద్ధమని నేను అనలేను. గది మార్చుకుందామా అన్న మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది, అదీ ఒప్పుకోవాలి.

మూడు రోజుల నియమం సంగతి. ఆపరేషన్ రోజు మధ్యాహ్నం, అమ్మ ఇంకా వెంటిలేటర్ మీద ఉండగా, మేనేజరు ఫోను. పెళ్లివారు సత్రమంతా తీసుకున్నారు, ఖాళీ చేయాలి. వీధి గుమ్మం పక్కన గోడలో ఒక శిలాఫలకం ఉంది. సగం సున్నం కింద మునిగిపోయింది. గోరుతో గీకి చదివా. తెలుగులోనూ అరవంలోనూ ఉంది, పరదేశులకూ బాటసారులకూ అని. బాటసారులకి కట్టిన ఇంట్లో ముందు గదులన్నీ ఇప్పుడు ప్లాస్టిక్ సామాన్ల గోడౌన్లు, వెనక హాలు పెళ్లిళ్లకి. అద్దెలు వస్తున్నాయి కదా, కప్పు మీద నాలుగు తట్టల సున్నం వేయించలేరా? ఎవరిని అడగాలి? ట్రస్టు అంటారు. ట్రస్టు ఎక్కడుంది అంటే మేనేజరు ఆకాశం వైపు చూపిస్తాడు. నలభై ఏళ్లుగా అక్కడ ఊడుస్తున్న అవ్వకి జీతం ఎంతో అడిగి తెలుసుకున్నా. ఆ అంకె ఇక్కడ రాయడానికి సిగ్గుగా ఉంది. ఆవిడకి రాతకోతల ఉద్యోగం కాదు, ఎప్పుడైనా పొమ్మనొచ్చు. సత్రం పేరు అందుకే రాయలేదు.

మా బడిలో మధ్యాహ్న భోజనానికి 2024 నుంచి డొక్కా సీతమ్మ గారి పేరు. లంకల గన్నవరంలో దారిన పోయేవాళ్లకి వేళాపాళా లేకుండా వండి పెట్టిన ఇల్లాలు, 1841లో పుట్టి 1909లో పోయారు. ఆవిడ గురించి పిల్లలకి ఏటా చెప్తాను. పోయినేడాది ఎనిమిదో తరగతి కుర్రాడొకడు లేచి, అర్ధరాత్రి వచ్చినా పెట్టేదా టీచర్ అని అడిగాడు. పెట్టేదిరా అని పుస్తకంలోది అప్పజెప్పినట్టు చెప్పి కూర్చోబెట్టా.

పెళ్లి జరిగిన ఆ రెండు రాత్రులూ అవ్వ నా సంచిని తన బీరువాగదిలో పెట్టింది. నన్ను లోపల పడుకోబెట్టి, తను గుమ్మానికి అడ్డంగా పడుకుంది. వెళ్లేటప్పుడు రెండు వేలు చేతిలో పెట్టబోతే చెయ్యి వెనక్కి లాక్కుంది. "దుడ్డు ఎందుకు మా. అమ్మని తీసుకురా ఒకతూరి, చూస్తా." అమ్మని తీసుకెళ్లాలి. మెట్లు ఎక్కించకూడదన్నారు గానీ, అరుగు దాకా తీసుకెళ్లొచ్చు.

అయ్యో, రక్తమిచ్చిన పిల్లలు! మూడు యూనిట్లు కావాలంటే తమ్ముడి స్నేహితుడి గ్రూపులో పెట్టగానే తాంబరం నుంచి ముగ్గురు ఇంజనీరింగ్ కుర్రాళ్లు ఆ వానలో లోకల్ ట్రైన్లో వచ్చారు. పేర్లు కూడా అడగలేదు నేను, జ్యూసు తాగి వెళ్లిపోయారు. బాబూ, మీరు చల్లగా ఉండాలి. నైట్ డ్యూటీ మలయాళీ నర్సమ్మకి కూడా, అద్దంలోంచి అమ్మ వేలు కదలడం చూపించినందుకు. ఆటో ఆయనకి, నీళ్లలోకి రానన్నాడే గానీ డబ్బులు సగమే తీసుకున్నాడు. సూళ్లూరుపేట ఆయనకి, ఆయన భార్య నిన్ననే డిశ్చార్జి అయింది, నేను కింద బిల్లు దగ్గరుండి కలవలేకపోయా. మా హెడ్‌మాస్టారు గారికి, సెలవు పొడిగించినందుకు. ఇంకా ఎవరినో మర్చిపోయాను, తిట్టుకోకండి.

ఒక సలహా కావాలి. అవ్వ స్టీలు క్యారేజీ నా సంచిలోనే వచ్చేసింది, మూడు గిన్నెలదీ. ఖాళీది తిప్పి ఇవ్వకూడదు కదా. ఒంగోలంటే మైసూర్‌పాకే తోస్తుంది, ఆవిడకేమో షుగరు. ఏం పెట్టి పంపమంటారు?