ఊరు పేరు చూసి ఆ ఓడ వదులుకోకు

ఒరేయ్,

నీ మెసేజ్ రాత్రి పడుకోబోతూ చూశాను. ఫోన్‌లో రెండు ముక్కల్లో తేలే విషయం కాదని పొద్దున్నే కూర్చుని రాస్తున్నాను. "దారిలో లె హావ్ర్ అట, కార్తహేనా అట, ఎప్పుడూ వినని ఊళ్లు. ఈ క్రూజ్ క్యాన్సిల్ చేసి వేరేది చూద్దామా?" అన్నావు. వద్దురా. ఆ రెండూ నేను చూసిన ఊళ్లే. ఇన్నేళ్ల ఓడ ప్రయాణాల్లో ఏ రోజులు బాగా గుర్తున్నాయని అడిగితే ముందు ఆ రెండే చెప్తాను.

ఫ్రాన్స్‌లోని రేవు లె హావ్ర్ సంగతి ముందు చెప్తా. టూరు కాగితాల్లో దాని పక్కనే పారిస్ అని వేస్తారు. పారిస్ అక్కడికి దాదాపు 200 కిలోమీటర్లు. బస్సులో పోవడానికి రెండున్నర మూడు గంటలు, రావడానికి మళ్లీ అంత. మేమూ ఆ బస్సుకే డబ్బు కట్టాం. తీరా తెల్లారేసరికి మీ చెల్లెలికి ఒళ్లు వెచ్చబడింది. బస్సు మమ్మల్ని వదిలి వెళ్లిపోయింది. నాకు ఎంత ఉసూరుమనిపించిందో! పదిన్నరకి తను కాస్త తేరుకుని, "ఎంతసేపని ఈ క్యాబిన్‌లో, అలా ఊళ్లోకి వెళ్లొద్దాం" అంది. షటిల్ బస్సెక్కి వెళ్లాం.

దిగగానే కనిపించేది కాంక్రీటు. తిన్నటి వీధులు, ఒకే తీరు భవనాలు. 1944 సెప్టెంబరులో బ్రిటిష్ విమానాల బాంబులకి ఊరి నడిబొడ్డంతా నేలమట్టమైంది. యుద్ధం అయ్యాక ఒగూస్త్ పెరె అనే ఆర్కిటెక్ట్, ఆయన బృందం కలిసి ఊరిని ఒకే కొలత మీద మళ్లీ కట్టారు. స్తంభానికీ స్తంభానికీ మధ్య 6.24 మీటర్లు. ఆ లెక్క తెలిశాక వీధిలో నడుస్తుంటే తాళం వినిపించినట్టే ఉంటుంది. ఒక స్తంభం దగ్గర ఆగి చేత్తో తడిమి చూడు. పై పొరని ఉలితో చెక్కేసి లోపలి గులకరాళ్లు బయటపడేలా చేశారు. దూరానికి బూడిదరంగు గోడ, దగ్గరికెళ్తే రకరకాల రంగులు. 2005లో యునెస్కో ఈ ఊరిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

అక్కడ సెయింట్ జోసెఫ్ చర్చి ఉంది. దాని గోపురం 107 మీటర్లు, సముద్రంలోంచే కనిపిస్తుంది. బయటి నుంచి చూస్తే లోపలికి వెళ్లాలనే అనిపించదు. తలుపు తోసుకుని వెళ్లాక మేమిద్దరం చాలాసేపు మాట్లాడలేదు. తలెత్తితే గోపురం పైకొస దాకా ఏ అడ్డూ లేదు, అంతా ఒకటే ఖాళీ. చుట్టూ గోడల్లో 12,768 రంగుటద్దాలు. మార్గరీత్ ఉరే అనే కళాకారిణి ఏ దిక్కున ఏ రంగు ఉండాలో, పైకి పోయేకొద్దీ అది ఎంత పలచబడాలో ఆలోచించి పేర్చిందిట. మేం వెళ్లినప్పుడు మబ్బు పట్టి ఉంది. కాసేపటికి ఎండ వచ్చింది. అప్పటిదాకా మసగ్గా ఉన్న కాంక్రీటు గోడ మీద నారింజ రంగు మచ్చ ఒకటి పడి, మెల్లగా మా బల్ల మీదికి జరిగింది. మీ చెల్లెలు అరచెయ్యి చాపి ఆ వెలుగులో పెట్టింది. పెరె 1954లో పోయాడు, చర్చి పూర్తయింది 1957లో. తను గీసిన చోట ఈ వెలుగు ఎలా పడుతుందో ఆయన చూడనేలేదు. ఆ మాట తలచుకుంటే నాకు ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది.

ఇంకో సంగతి. ఫ్రెంచ్ చిత్రకారుడు మోనే గీసిన 'ఇంప్రెషన్, సన్‌రైజ్' నీకు తెలుసుగా, ఇంప్రెషనిజం అన్న చిత్రకళా పద్ధతికి ఆ పేరే దాన్నుంచి వచ్చింది. 1872లో ఆయన ఆ బొమ్మ గీసింది ఈ రేవు ఒడ్డునే, హోటల్ కిటికీలోంచి చూస్తూ. బొమ్మ ఇప్పుడు పారిస్ మ్యూజియంలో ఉంది. ఆ పొగమంచూ, ఆ నీళ్లూ మాత్రం ఇక్కడే ఉన్నాయి. వీలైతే ఓడ రేవులోకి వచ్చే వేళకి లేచి డెక్ మీదికి వెళ్లు.

ఇక కార్తహేనా. కొలంబియాలో కూడా ఒక కార్తహేనా ఉంది, నెట్‌లో వెతికితే ముందు అదే వస్తుంది, కంగారుపడకు. మీ ఓడ ఆగేది స్పెయిన్‌లోని అసలు ఊరి దగ్గర. క్రీస్తుకు పూర్వం 227 ప్రాంతంలో ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజ్ వాళ్లు కట్టుకున్న ఊరు, తర్వాత రోమన్ల చేతికి వచ్చింది. ఓడ ఆగేది ఊరి ముంగిట్లోనే. బస్సు అక్కర్లేదు, నాలుగడుగులు వేస్తే మునిసిపల్ భవనం దగ్గర ఉంటావు.

ఆ చౌకులోనే రోమన్ థియేటర్ మ్యూజియానికి తలుపు. చూడ్డానికి మామూలు పాత మేడలా ఉంటుంది. లోపల ఎస్కలేటర్లు ఉన్నాయి, అమ్మ మోకాళ్ల గురించి బెంగ పెట్టుకోకు. పైకి వెళ్లాక పాత కెథెడ్రల్ కింద నుంచి ఒక నడవా ఉంటుంది. చీకటిచీకటిగా ఉండి, చివర ఒక్కసారిగా ఎండ. కళ్లు చికిలించి చూస్తే నువ్వు నిలబడి ఉన్నది రెండు వేల ఏళ్ల నాటి థియేటర్ మెట్ల పైవరసలో! కింద వేదిక, వెనక గులాబీ రంగు స్తంభాలు. నాకు అరుపొచ్చేసింది.

ఇంత పెద్ద కట్టడం అక్కడుందని 1988 దాకా ఎవరికీ తెలియదుట. దాని మీద బజారు కట్టారు, ఆ పైన ఇళ్లు కట్టారు, జనం తరతరాలుగా కాపురాలు చేశారు. ఏదో కొత్త భవనానికి పునాదులు తవ్వుతుంటే బయటపడింది. రఫాయెల్ మొనేయో డిజైన్ చేసిన ఈ మ్యూజియం 2008లో తెరిచారు. నిన్ను చీకట్లో నడిపించి ఎండలోకి వదలడం ఆయన ఆలోచనే. నీకు సబ్‌మెరైన్ల పిచ్చి కదా, దగ్గర్లోని నేవీ మ్యూజియంలో ఇసాక్ పెరాల్ తయారు చేసిన సబ్‌మెరైన్ ఉంది. 1888 నాటిది, బ్యాటరీల మీద నడిచేది. దాని పక్కన నిలబడితే అందులో మనుషులు ఎలా దిగారా అనిపిస్తుంది.

ఇలాంటి ఊళ్లు ఇంకా ఉన్నాయి. నార్వేలో ఓలెసుండ్ 1904 జనవరిలో ఒక్క రాత్రి కాలిపోయింది. పదివేల మందికి ఇళ్లు పోయాయి, ప్రాణం పోయింది మాత్రం ఒక్కరికే. మూడేళ్లలో మళ్లీ లేచింది. గోడల నిండా పువ్వులు, తీగలు, మనుషుల ముఖాలు. పక్కనున్న కొండ మీదికి 418 మెట్లెక్కితే ఊరంతా నీళ్ల మధ్య కనిపిస్తుంది. న్యూజిలాండ్‌లో నేపియర్‌ది మరో కథ. 1931లో భూకంపానికి కూలి, తిన్నటి గీతలు, కోణాల నగిషీలు ఉండే ఆ కాలపు ఆర్ట్ డెకో తీరులో మళ్లీ కట్టుకుంది. ఈ రెండూ, లె హావ్ర్ కూడా, దెబ్బ తిని ఒకే ఊపులో మళ్లీ లేచినవి కాబట్టి అంతా ఒకే చేతిరాతలా ఉంటుంది. మనకి దొరికే ఏడెనిమిది గంటల్లో కాలినడకన తృప్తిగా చూడొచ్చు. పారిస్ అలా చూడ్డం కుదరదు.

అన్ని రేవులూ ఇలాగే ఉంటాయని నేననను. ఒకచోట కంటెయినర్ల మధ్య దింపారు, నడవడానికి దారే లేదు. అందుకే ఓడ ఆగే చోటుకి ఊరు ఎంత దూరమో ముందే మ్యాప్‌లో చూసుకో. మీ ఆవిడకి పారిస్ చూడాలని ఎన్నాళ్లుగానో ఉంటే, మళ్లీ వెళ్లే వీలు లేదనుకుంటే, ఆ బస్సే ఎక్కండి, నేను కాదనను. మీ అంతట మీరు తిరిగితే మాత్రం వాచీ ఓడ టైమ్‌కే ఉంచుకో. ఒడ్డున టైమ్ వేరుగా ఉండొచ్చు. ఓడవాళ్ల టూరు బస్సు ఆలస్యమైతే ఆగుతారు గానీ, సొంతంగా వెళ్లినవాళ్ల కోసం ఆగరు. ఆఖరి గంట టెన్షన్ పడకుండా కాస్త ముందే వచ్చేయండి.

కార్తహేనాలో ఏ రోజు ఆగుతున్నారో చూసి రాయి. ఆ థియేటర్ మ్యూజియానికి సోమవారం సెలవు. మీది సోమవారమే అయితే చెప్పు, థియేటర్ బయటి నుంచి బాగా కనిపించే దారి ఒకటుంది, బొమ్మ గీసి పంపిస్తాను.

నీ
నేస్తం