బెంగళూరు విమానాశ్రయ ఉన్నతాధికారి గారికి బహిరంగ లేఖ

అయ్యా,

అనంతపురం, కదిరి, హిందూపురం జనానికి విదేశం వెళ్లాలంటే దేవనహళ్లిలోని మీ విమానాశ్రయమే దగ్గర. 2023 సెప్టెంబరులో అంతర్జాతీయ విమానాలు రెండో టెర్మినల్‌కి మారాయన్న సంగతి, తొలిసారి కువైట్‌కి పనికి బయల్దేరిన అక్కకి ఎవరు చెబుతారు? మా వైపు బస్సులు చాలావరకు విమానాశ్రయం లోపలికి రావు, హైదరాబాద్ హైవే మీదే మలుపు దగ్గర దింపేసి పోతాయి, ఇక అర్ధరాత్రి తాడుతో కట్టిన అట్టపెట్టె నెత్తిన పెట్టుకుని, పాస్‌పోర్టు సంచి చంకలో ఇరికించుకుని, ట్యాక్సీ అతను అడిగినంతా ఇచ్చుకోవాల్సిందే. ఆ టెన్షన్ చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

ఆ మలుపు నుంచి టెర్మినళ్ల దాకా రాత్రంతా ఒక బస్సు తిప్పించండి సార్. దాని మీద, గేట్ల దగ్గర తెలుగులో కూడా బోర్డులు పెట్టించండి. ఇంకోటి, ముఖం చూపించి లోపలికి వెళ్లే డిజియాత్ర యాప్ తప్పనిసరేమీ కాదని పెద్దవాళ్లకి గేటు దగ్గర ఒక మనిషి నోటితో చెప్పేలా చూడండి.