అంతరిక్షంలో కృష్ణా నది లేదండీ

సంపాదకులకు,

పోయిన ఆదివారం కాదు, అంతకు ముందు ఆదివారం, అణు విద్యుత్తుతో నడిచే అంతరిక్ష నౌకల మీద మీ అనుబంధంలో వచ్చిన ‘అణు రాకెట్’ వ్యాసం గురించి ఈ ఉత్తరం. సవరణ వేస్తారేమోనని ఇన్నాళ్ళూ చూశాను. కన్యారాశి ఫలాలు తులారాశి కింద పడ్డాయని మర్నాడే మొదటి పేజీలో చింతించారు కదా, ఆ మర్యాద ఫిజిక్స్‌కీ దక్కుతుందనుకున్నాను.

మీ బొమ్మలో రాకెట్ నిప్పులు కక్కుతూ నేల మీంచి లేస్తోంది. ఇంటర్ చదివే మా మనవడు చూసి, “తాతయ్యా, ఇది శ్రీహరికోట నుంచి లేస్తే నెల్లూరు సంగతేంటి?” అన్నాడు. అణు విద్యుత్తుతో నడిచే ఇంజను నేల మీంచి లేవనే లేవదు. రియాక్టర్ వేడితో కరెంటు పుట్టించి, దాంతో జినాన్ లాంటి వాయువును అయాన్లుగా, అంటే విద్యుదావేశం ఉన్న కణాలుగా, మార్చి వెనక్కి తోస్తారు. 2007లో వెళ్ళిన డాన్ నౌకదీ అయాన్ ఇంజనే, కరెంటు మాత్రం సోలార్‌ది. దాని తోపుడు ఎంతనుకున్నారు? అరచేతిలో ఒకటి రెండు కాగితాలు పెట్టుకున్నంత! నెలలు, ఏళ్ళ తరబడి ఆగకుండా తోస్తేనే వేగం. పైకి చేర్చాల్సింది మామూలు రాకెట్టే. 1965లో అమెరికా పంపిన స్నాప్-10ఏ రియాక్టర్‌ను కక్ష్యలోకి చేరాకే రాజేశారు. 43 రోజులకు ఆగింది, అదీ వోల్టేజి రెగ్యులేటర్ చెడిపోయి. మా వీధి ట్రాన్స్‌ఫార్మర్ నయం అనను గానీ, చుట్టమే.

వాయేజర్ నౌకలో రియాక్టర్ ఉందనడం ఇంకో ఘనకార్యం. అక్కడున్నది ప్లుటోనియం తనంతట తాను క్షీణిస్తూ ఇచ్చే వేడి.

అసలు చిక్కు మీ వ్యాసంలో లేనేలేదు. ఉద్యోగంలో ఉండగా పిల్లల్ని ఇబ్రహీంపట్నంలోని థర్మల్ విద్యుత్ కేంద్రం వీటీపీఎస్‌కి తీసుకెళ్ళేవాణ్ణి. కరెంటుగా మారగా మిగిలిన వేడిని కృష్ణ నీళ్ళు మోసుకుపోతాయని అక్కడే చూపించేవాణ్ణి. అంతరిక్షంలో కృష్ణా లేదు, గాలీ లేదు. ఆ వేడంతా పెద్ద పెద్ద రేడియేటర్ రెక్కల నుంచి కిరణాలుగా పోవాల్సిందే. ఇంజనీర్ల టెన్షనంతా ఆ రెక్కల బరువుతోనే.

పిల్లలు ఇవి ఎక్కడ చదవాలి? మా పేట గ్రంథాలయంలో సైన్స్ పత్రికలు ఆగి మూడేళ్ళు. ఇంటి పన్నుతో కట్టే లైబ్రరీ సెస్ మాత్రం ఒక్క ఏడాదీ ఆగలేదు. అడిగితే “బడ్జెట్ రాలేదు మాస్టారూ” అని ఫ్యాను కింద కూర్చునే జవాబు. కాలేజీల్లో ప్రాక్టికల్స్ అంటే సీనియర్ల రికార్డు చూసి దింపడం. ల్యాబ్ తాళం ఎవరి దగ్గరుందో ప్యూనుకీ తెలీదు.

సవరణ వేస్తే ఆ బొమ్మ తప్పని కూడా రాయండి. మావాడు దాన్ని కత్తిరించి ప్రాజెక్టులో అంటించేశాడు. పదికి తొమ్మిది వేశారట.

– ఒక విశ్రాంత ఫిజిక్స్ మాస్టారు,
బ్రాడీపేట, గుంటూరు