ఆ ముడతల సంగతి

చిన్నీ,

రాత్రి ఒంటిగంటకు నువ్వు పంపిన మూడు ఫోటోలూ చూశాను. ఫోన్లో మాట్లాడదామంటే నువ్వు మధ్యలో ఏడుస్తావు, నీ ఏడుపు వింటే నేను చెప్పాల్సింది మర్చిపోతాను, అందుకే ఈ ఉత్తరం. "నేను అప్పుడే చెప్పానా" అనే మాట ఇందులో ఎక్కడా రాదు, భయపడకు. రొమ్ములకు ఇంప్లాంట్లు పెట్టించుకునే ఆపరేషన్ వద్దన్నాను, నువ్వు వినలేదు, నీ ఒళ్లు నీ ఇష్టం. ఆ గొడవ అక్కడితో అయిపోయింది.

ముందుకు వంగితే ఎడమ రొమ్ము కింద, పక్కవైపు అలల్లా గీతలు కనిపిస్తున్నాయి, వేలితో తడిమితే ఏదో అంచు తగులుతోంది అన్నావు. దీన్నే డాక్టర్లు రిప్లింగ్ అంటారు. ఇంప్లాంట్ పైతొడుగు ముడతపడుతుంది, దాని మీద కప్పు పల్చగా ఉంటే ఆ ముడత పైకి కనబడుతుంది. అది పగిలిపోవడం కాదు. కాకపోతే నీది సిలికాన్ జెల్ కదా, ఉప్పునీరు నింపిన సెలైన్‌దైతే పగిలిన కొద్ది రోజుల్లోనే రొమ్ము చిన్నదైపోయి తెలిసిపోతుంది, జెల్‌ది పగిలినా చాలాసార్లు పైకి ఏమీ తెలియదట. అందుకే అద్దంలో చూసి నువ్వూ, ఫోటోలు చూసి నేనూ తేల్చేది కాదు ఇది. డాక్టర్ని అడిగి ఒక స్కాన్ చేయించుకుంటే ఆ అనుమానం తీరిపోతుంది. అమెరికాలో మందుల్నీ వైద్య పరికరాల్నీ నియంత్రించే ఎఫ్‌డీఏ అయితే జెల్ ఇంప్లాంట్లకు ఏ ఇబ్బందీ లేకపోయినా ఆపరేషన్ అయిన 5-6 ఏళ్లకు మొదటిసారి, ఆ తర్వాత 2-3 ఏళ్లకోసారి అల్ట్రాసౌండ్ గానీ ఎంఆర్ఐ గానీ తీయించుకోమని 2020లో చెప్పింది. అది ఎలాగూ నీ డైరీలో రాసి పెట్టుకోవాల్సిందే.

ఇప్పుడు నీకు ఇన్నాళ్లూ చెప్పనిది ఒకటి చెప్తాను. నాకూ ఉన్నాయి ఆ ముడతలు. నువ్వు పదో తరగతిలో ఉన్నప్పుడు క్యాన్సర్ అని నా కుడి రొమ్ము తీసేసి ఇంప్లాంట్ పెట్టారు, అది నీకు తెలుసు, కానీ పళ్లు తోముకుంటూ వాష్‌బేసిన్ మీదకు వంగితే ఛాతీ పైభాగాన, సరిగ్గా పరవని దుప్పటిలా, మూడు నాలుగు మడతలు పడతాయని, నిటారుగా నిలబడగానే మాయమైపోతాయని మీ నాన్నకు తప్ప ఎవరికీ తెలియదు. రొమ్ము కణజాలం అంతా తీసేశాక పైన కప్పడానికి దాదాపు చర్మమే మిగులుతుంది, అందుకే నాలాంటి వాళ్లలో ఇది ఇంకా ఎక్కువ. మొదటి ఏడాది తువ్వాలు చుట్టుకునే పళ్లు తోముకునేదాన్ని. బాత్‌రూమ్‌లో నన్ను చూసేదెవరు, ఆ అద్దం తప్ప!

ఎవరో చెప్పారని నూనెతో మర్దనా చేశాను, ఛాతీ వ్యాయామాలు చేశాను. ఏమీ కాలేదు. ముడత ఉన్నది తొడుగులో, మర్దనాతో అది ఎలా పోతుంది? నువ్వు ఆ వీడియోలు చూసి మొదలుపెట్టకు. తర్వాత మా సర్జన్ పొట్ట దగ్గర కొవ్వు తీసి ఆ చోట ఎక్కించారు. చాలా బాగుందనుకున్నాను, కొన్ని నెలలకు అందులో కొంత ఒంట్లో కలిసిపోయింది, మిగిలింది మిగిలింది. మళ్లీ ఒకసారి చేద్దామన్నారు, నేనే వద్దన్నాను. ఆ మిగిలిన మడతలతో నాకు పేచీ లేదు.

నీ సంగతి వేరు. నువ్వు మొదట్నుంచీ బక్కపల్చని దానివి, పైగా ఆపరేషన్ తర్వాత 6 కిలోలు తగ్గానని సంబరంగా చెప్పావు గుర్తుందా? ఒళ్లు తగ్గితే రొమ్ము మీద కొవ్వూ తగ్గుతుంది, అప్పటిదాకా దాక్కున్న ముడత బయటపడుతుంది. మొదటి నెలల్లో వాపు కూడా కొంత కప్పేస్తుంది, అది తగ్గాకే అసలు రూపం తెలిసేది. ఇందులో నువ్వు చేసిన తప్పేమీ లేదు. తప్పు అంటూ ఉంటే, అంత సన్నగా ఉన్న పిల్లకు అంత పెద్ద సైజు, అదీ ఛాతీ కండరం పైన పెట్టేటప్పుడు, ఇలా కావచ్చని ఆ డాక్టర్ ముందే కూర్చోబెట్టి చెప్పకపోవడం. ఇది నా కోపం, నువ్వు పట్టించుకోకు.

అపాయింట్‌మెంట్‌లో ఏడుస్తూ కూర్చోకుండా సూటిగా అడుగు. పైన కణజాలం మందం ఎంత ఉంది, కండరం కిందకు మారిస్తే నిజంగా తేడా వస్తుందా (రొమ్ము కింద, పక్కవైపు ఉన్న ముడతలకు కండరం కప్పు అంతగా అందదు, నీది సరిగ్గా అక్కడే ఉంది కాబట్టి ఇది గట్టిగా అడుగు), ఇంకాస్త గట్టి జెల్‌ది పెడితే ఎలా ఉంటుంది, సైజు తగ్గిస్తే? కొవ్వు ఎక్కించడానికి నీ ఒంట్లో అంత కొవ్వుందా అన్నది కూడా అనుమానమే, నా దగ్గర కావలసినంత ఉంది కానీ ఒకరిది ఒకరికి పనికిరాదు. ఏ పద్ధతి చెప్పినా, అది చేశాక కూడా ముడతలు మిగిలే అవకాశం ఎంత అని అడుగు. ఏమీ చేయకుండా వదిలేస్తే ఏమవుతుంది అని కూడా అడగడం మర్చిపోకు, ఎందుకంటే ఆ మాట వాళ్లంతట వాళ్లు ఎత్తరు. ఆపరేషన్ అయి 7 నెలలే అయింది, వచ్చే వారమే మళ్లీ థియేటర్‌లోకి వెళ్లాల్సిన తొందరేమీ ఇందులో లేదు. రెండో డాక్టర్ అభిప్రాయం తీసుకుంటానంటే నేను తోడు వస్తాను.

తొందరపడాల్సినవి వేరే ఉన్నాయి. ఎర్రబడి వేడిగా ఉండటం, జ్వరం, రొమ్ము గట్టిపడి నొప్పి రావడం, ఆకారం ఒక్కసారిగా మారిపోవడం, గడ్డ తగలడం, ఏళ్లు గడిచాక ఉన్నట్టుండి ఒకవైపు వాయడం. వీటిలో ఏది కనిపించినా ఆ రోజే వెళ్లాలి. గడ్డ విషయంలో అయితే "ఆ, ఇంప్లాంట్ అంచేలే" అని సరిపెట్టుకోకు. మన ఇంట్లో నా కథ ఉంది కదా. మామోగ్రామ్‌కు ఎప్పుడు వెళ్లినా ఇంప్లాంట్ ఉందని ముందే చెప్పు, దానికి తీసే పద్ధతి వేరు.

ఆపరేషన్ రోజు నీకొక కార్డు ఇచ్చి ఉంటారు, కంపెనీ, సైజు, సీరియల్ నంబర్ అన్నీ దాని మీదే ఉంటాయి, రెండో డాక్టర్ మొదట అడిగేది అదే. నీ హ్యాండ్‌బ్యాగుల్లో ఎక్కడో ఉంటుంది, వెతుకు. దొరగ్గానే ఫోటో తీసి పంపు. వంగి తీసుకున్న ఫోటోలు ఇక చాలు.

అమ్మ