కార్మానా దారిలో మా కోసం ఆగిన లారీ డ్రైవర్‌కు, ఆ రోజు సాయం చేసిన అందరికీ కృతజ్ఞతలు

అందరికీ నమస్కారం. మేము కెనడాలో, విక్టోరియాలో ఉంటాం. జూలై మూడో వారంలో వాంకూవర్ ఐలాండ్ అడవుల్లో, నిటినాట్ సరస్సు దాటిన తర్వాత, మా బండి కంకర రోడ్డు అంచు దిగి పక్క గుంటలోకి ఒరిగిపోయింది. బండిలో నేను, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు, రాజమండ్రి నుంచి వచ్చిన అత్తయ్య, మామయ్య ఉన్నాం. ఎవరికీ చిన్న గాయం కూడా కాలేదు. ఎందుకు కాలేదో, ఆ రోజు మాకు ఎవరెవరు సాయం చేశారో చెప్పాలని ఇది రాస్తున్నాను. ఎండాకాలంలో మన తెలుగువాళ్లు చాలామంది ఆ దారుల్లో వెళ్తుంటారు కాబట్టి, వాళ్ల దగ్గర నేర్చుకున్నది కూడా కలిపి రాస్తున్నాను.

అత్తయ్యకు చెట్లంటే ప్రాణం. కార్మానా వాల్‌బ్రాన్ పార్కులో వందల ఏళ్ల నాటి సిట్కా స్ప్రూస్ చెట్లున్నాయని, వాటిలో ఒకటి 95 మీటర్లకు పైనే ఉంటుందని పెద్దమ్మాయి చెప్పినప్పటి నుంచి చూడాలని ఆవిడ పట్టు. ఆ లోయను నరికేయకుండా ఆపాలని 1980ల చివర్లో ఇక్కడ పెద్ద ఉద్యమం నడిచింది, 1990లో పార్కు వచ్చింది. అయితే పార్కు చుట్టూ ఉన్న అడవిలో కలప కొట్టడం నేటికీ సాగుతోంది. పార్కుకు వెళ్లే దారి కూడా కలప కోసం వేసిన దారే. లేక్ కౌచన్ ఊరు దాటాక తారు రోడ్డు అయిపోతుంది. తర్వాత నిటినాట్ మెయిన్ (ఇక్కడ కలప లారీల ప్రధాన దారిని 'మెయిన్' అంటారు), కేక్యూస్ వంతెన, అక్కడి నుంచి కుడికి రోజాండర్ మెయిన్. అంతా కంకర, ఫోన్ సిగ్నల్ ఉండదు.

దారి మొదట్లో ఒక పెద్ద బోర్డు ఉంటుంది. లాగింగ్ ట్రక్కులు, అంటే దుంగలు మోసే లారీలు, తిరుగుతున్నాయి జాగ్రత్త అని, డ్రైవర్లు ఒకరితో ఒకరు మాట్లాడుకునే రేడియో ఛానల్ ఇదీ అని రాసి ఉంటుంది. నేను చూశాను. రేడియో సంగతి అక్కడ పనిచేసేవాళ్ల కోసం, మనకు కాదు అనుకుని ముందుకు వెళ్లిపోయాను. తప్పు అక్కడే మొదలైంది.

పైగా మేము వెళ్లింది గురువారం. అడవులు బాగా ఎండిపోయి నిప్పు భయం ఉన్న రోజుల్లో కలప పనివాళ్లు చీకటితోనే పని మొదలుపెట్టి మధ్యాహ్నానికి ముగిస్తారు. అంటే పొద్దున్నే బయల్దేరితే రోడ్డు ఖాళీగా ఉంటుందన్న మన లెక్క అక్కడ పూర్తిగా తిరగబడుతుంది. మేము ఏడున్నరకు రోజాండర్ మెయిన్ ఎక్కేసరికి వాళ్లకు అది పని మధ్యలో ఉన్న వేళ.

రోడ్డు అంచులన్నీ గరుకుగా, రేకు మీద మడతల్లా ఉన్నాయి. మధ్యలో కాస్త నునుపుగా ఉందని నేను మధ్యలోనే నడుపుతున్నాను. ముందు వెళ్లిన ఖాళీ లారీ లేపిన దుమ్ము ఇంకా అణగలేదు. ఎడమకు తిరిగే ఒక మలుపులో, ఆ దుమ్ములోంచి ఎదురుగా నిండా దుంగలతో ఇంకో లారీ కనిపించింది. మన ఘాట్ రోడ్ల అలవాటుతో ముందు హారన్ మీదకు చెయ్యి పోయింది. మారేడుమిల్లి ఘాట్‌లో హారన్ కొడితే ఎదుటివాడికి వినిపిస్తుంది, ఆగుతాడు. ఇక్కడ అంత ఇంజను చప్పుడులో ఎవరికి వినిపిస్తుంది? బండిని కుడికి తిప్పేశాను. అంచున మట్టి మెత్తగా ఉంది. ముందు చక్రం దిగిపోయింది, బండి గుంటలోకి ఒరిగి ఆగింది. లారీ మా పక్క నుంచి వెళ్లిపోయింది. వెనక దుంగల చివర్లు మా అద్దాల ముందు నుంచి ఊగుతూ పోవడం నాకు ఇప్పటికీ కళ్లముందే ఉంది.

మొదటి కృతజ్ఞత ఆ లారీ డ్రైవర్‌కు. పేరు రాయను, ఆయన వద్దన్నారు. అరవై ఏళ్లు దాటి ఉంటాయి. అన్ని టన్నుల బరువుతో ఉన్న లారీని ఒక్కసారిగా ఆపలేరు కదా, చాలా దూరం పోయి, వెడల్పుగా ఉన్నచోట ఆపుకుని, వెనక్కి నడిచి వచ్చారు. ఆయన రాకముందే రేడియోలో చెప్పేశారని తర్వాత తెలిసింది: ఫలానా కిలోమీటరు దగ్గర చిన్న బండి గుంటలో ఉంది, మనుషులున్నారు, అందరూ ఆగండి అని. ఆ ఒక్క మాటతో పైనుంచి వస్తున్న రెండు నిండు లారీలు, కింద నుంచి వస్తున్న ఒక ఖాళీ లారీ ఎక్కడివక్కడ ఆగిపోయాయి. మేము బండిలోంచి దిగలేక, పిల్లల్ని పట్టుకుని వణుకుతున్న ఆ పది నిమిషాల్లో మా మీదకు ఇంకో లారీ రాకుండా ఆపింది ఆ మాటే.

వచ్చీరాగానే ఆయన అడిగింది ఎవరికైనా దెబ్బ తగిలిందా అని. తర్వాత అత్తయ్యను చెయ్యి పట్టుకుని దింపారు. అందరినీ రోడ్డుకు దూరంగా, మలుపు లోపలి వైపు గట్టు మీద నిలబెట్టారు. బండి వెనక నిలబడబోయిన నన్ను గట్టిగా వెనక్కి పిలిచారు. నాకు అప్పుడు అర్థం కాలేదు. లారీ మలుపు తిరిగేటప్పుడు వెనకకు పొడుచుకొచ్చిన దుంగల చివర్లు మలుపు బయటి వైపుకు విసురుగా తిరుగుతాయట. అందుకే మలుపులో ఆగకూడదు, మలుపు బయటి వైపు అసలే నిలబడకూడదు.

ఒక్క మాట కోపంగా అనలేదు. నేను సారీ అంటుంటే ఆయన అన్నది ఇంతే: "ఈ పొద్దున ఈ రోడ్డు మీద ఎవరు ఎక్కడున్నారో నాకు తెలుసు. మీరు ఒక్కరే తెలియదు." ఆ మాట విన్నాక నాకు ఆ దారి మొత్తం వేరేగా కనిపించింది.

ఆయన చెప్పింది ఇదీ. రోడ్డు పక్కన చెట్లకు, కొయ్యలకు కిలోమీటరు అంకెల బోర్డులుంటాయి. ప్రతి డ్రైవరూ ఆ బోర్డు దాటుతున్నప్పుడు రేడియోలో రోడ్డు పేరు, కిలోమీటరు, ఏ వైపు వెళ్తున్నాడో, ఏ బండో చెప్తాడు. అంకెలు పెరిగే వైపు వెళ్తుంటే 'అప్', తగ్గే వైపు వెళ్తుంటే 'డౌన్'. కొన్నిచోట్ల 'ఖాళీ', 'లోడు' అంటారు. ఆ మాటలు వింటూ ఎదురుగా ఎవరొస్తున్నారో లెక్క వేసుకుని, ఖాళీగా వెళ్లేవాడు ముందే పుల్‌అవుట్‌లో, అంటే పక్కకు తప్పుకోవడానికి వదిలిన వెడల్పు చోట్లో ఆగి దారి ఇస్తాడు. లోడు లారీకే ఎప్పుడూ దారి. ఒక బండి పట్టే రోడ్డు మీద 60 టన్నులకు పైగా బరువున్న లారీలు రోజంతా ఢీకొనకుండా తిరిగేది ఈ మాటల మీదే. రేడియో లేకుండా వెళ్లిన నేను ఆ లెక్కలో లేను.

ఈ మాటలు విని మా పెద్దమ్మాయి, తొమ్మిదేళ్లది, "మనం 11 దాటాం, నేను చూశాను" అంది. దారి పొడవునా అంకెలు చదువుతూనే ఉందట. ఆయన హెల్మెట్ తీసి దానికి షేక్‌హ్యాండ్ ఇచ్చారు.

రెండో కృతజ్ఞత పికప్ బండిలో గొలుసు, పట్టీలు తెచ్చి మమ్మల్ని బయటికి లాగిన పంజాబీ అబ్బాయికి. తాతల కాలం నుంచి ఆ ఇంట్లో అందరిదీ కలప పనేనట. మామయ్యతో కొంచెం హిందీలో మాట్లాడాడు. డంకన్ నుంచి లేక్ కౌచన్ వెళ్లే దారిలో పాల్దీ అని చిన్న ఊరు వస్తుంది, చాలామంది చూసే ఉంటారు. పంజాబ్‌లోని పాల్దీ నుంచి వచ్చిన మేయో సింగ్ 1917 ప్రాంతంలో అక్కడ సామిల్లు పెట్టాడు, దాని చుట్టూ ఊరు వెలిసింది. మన దేశం నుంచి వచ్చినవాళ్లు ఈ అడవుల్లో వందేళ్లుగా దుంగలు మోస్తున్నారని మామయ్యకు ఆ రోజే తెలిసింది. ఆ అబ్బాయి చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

బండి నడిచే స్థితిలోనే ఉంది. అయినా అతను మమ్మల్ని ఒంటరిగా వదల్లేదు. తను ముందు వెళ్తూ ప్రతి కిలోమీటరుకూ "పికప్, వెనక ఒక బండి" అని మా తరఫున రేడియోలో చెప్తూ, కేక్యూస్ వంతెన దాకా దిగబెట్టి వెళ్లాడు. డబ్బులివ్వబోతే ఇద్దరూ తీసుకోలేదు. అత్తయ్య పొద్దున చేసిన పులిహోర డబ్బా, చెక్కల పొట్లం మాత్రం తీసుకున్నారు. ఆగిన లారీలన్నిటికీ ఆ రోజు పని ఆలస్యమైంది. ఆ డ్రైవర్లలో ఒక్కరు కూడా హారన్ కొట్టలేదు, విసుక్కోలేదు. మేము పక్క నుంచి దిగి వెళ్తుంటే చెయ్యి ఊపారు.

మూడోది, నిటినాట్ దగ్గర డిటిడాట్ అనే ఇక్కడి ఆదివాసీల ఊళ్లో దుకాణంలో ఉన్న అమ్మకు. అత్తయ్యకు బీపీ. మొహం చూసి ఏమీ అడక్కుండానే కుర్చీ వేసి, టీ ఇచ్చి, పిల్లలకు తినడానికి పెట్టారు. వాళ్ల మనుషులు ఊరు దాటాలంటే రోజూ ఆ రోడ్లే దిక్కు. మాకు ఒక రోజు జరిగింది వాళ్లకు ప్రతిరోజూ భయమే.

ఇదే ద్వీపం మీద, పోర్ట్ అల్బర్నీ నుంచి బామ్‌ఫీల్డ్ వెళ్లే కంకర రోడ్డు మీద 2019 సెప్టెంబరులో విక్టోరియా యూనివర్సిటీ విద్యార్థుల బస్సు అంచు దిగి దొర్లిపోయింది, ఇద్దరు మొదటి సంవత్సరం పిల్లలు చనిపోయారు. ఎదురొచ్చిన బండికి దారి ఇవ్వబోతే జరిగింది. ఆ రోడ్డు బాగు చేయమని అక్కడి హూ-ఏ-ఆట్ ఆదివాసీ ప్రజలు తమవాళ్లను పోగొట్టుకుంటూ ఏళ్లపాటు అడిగారు. చివరకు ఆ పని 2023లో పూర్తయింది. అప్పట్లో ఆ వార్త చదివి బాధపడ్డాను. మెత్తటి అంచు అంటే ఏమిటో మాత్రం చక్రం దిగినప్పుడే తెలిసింది.

వెళ్లాలనుకునేవాళ్లకు ఆ లారీ డ్రైవర్, పంజాబీ అబ్బాయి తరఫున కొన్ని మాటలు. వీలైతే శనాదివారాలు వెళ్లండి, కానీ సెలవు రోజు కదా లారీలు ఉండవని మాత్రం అనుకోవద్దు. లైట్లు ఎప్పుడూ వేసి ఉంచండి. మలుపు ఎంత ఖాళీగా కనిపించినా కుడి వైపే ఉండండి. ఫారెస్ట్ సర్వీస్ రోడ్ల మీద, అంటే ప్రావిన్స్ (రాష్ట్ర) ప్రభుత్వ అడవి రోడ్ల మీద, వేరే బోర్డు లేకపోతే గరిష్ఠ వేగం గంటకు 80 కిలోమీటర్లు, కానీ కొత్తవాళ్లకు దాంట్లో సగమే ఎక్కువ. ముందు లారీ దుమ్ము లేపితే దుమ్ము అణిగేంత దూరం వదలండి, అతను సైగ చేయకుండా దాటొద్దు. దుమ్ములో రోడ్డు మధ్య ఆగిపోవడం అన్నిటికన్నా ప్రమాదం. ఎదురుగా లోడు లారీ కనిపిస్తే, వెనక్కి వెళ్లాల్సింది మనమే. పుల్‌అవుట్లు ఎక్కడెక్కడ దాటామో గుర్తుపెట్టుకుంటూ నడపమన్నారు, నాకు అన్నిటికన్నా పనికొచ్చిన సలహా ఇదే. వంతెన మీద ఫొటో కోసం ఆగొద్దు. పూర్తి సైజు స్టెప్నీ, నీళ్లు, దుప్పట్లు పెట్టుకోండి. ఏ దారిలో వెళ్తున్నారో, ఎప్పటికి వస్తారో ఇంట్లో ఎవరికైనా చెప్పి బయల్దేరండి.

రేడియో గురించి విడిగా చెప్పాలి. సూపర్‌మార్కెట్లో దొరికే పిల్లల వాకీటాకీలు ఈ ఛానళ్లలో పనిచేయవు. ఆ లారీలవాళ్లు వాడే వీహెచ్ఎఫ్ రకం రేడియో కావాలి, మాట్లాడాలంటే ఫెడరల్ ప్రభుత్వ లైసెన్సు కావాలి, ఛానళ్లు రేడియో షాపువాళ్లే వేసిస్తారు. నానైమోలో ఉండే మా తెలుగు అన్నయ్య ఒకరు ఈ పనంతా దగ్గరుండి చేయించారు, ఆయనకూ కృతజ్ఞతలు. రేడియో ఉంది కదా అని ధీమా వద్దని పంజాబీ అబ్బాయి మరీ మరీ చెప్పాడు. రేడియో లేనివాళ్లు, చెప్పడం మరిచిపోయినవాళ్లు కూడా ఎదురొస్తారు. తప్పు కిలోమీటరు చెప్పడం అసలు చెప్పకపోవడం కన్నా ఘోరం. రేడియో లేకపోతే, ఉన్న బండి వెనక వెళ్లడమే మేలు, ముందున్నవాళ్లు మన గురించి కూడా చెప్తారు.

ఆ పెద్ద చెట్లను ఆ రోజు చూడలేకపోయాం. ఆగస్టు రెండో ఆదివారం మళ్లీ వెళ్లాం. పెద్దమ్మాయి అంకెలు చదువుతుంటే మా ఆవిడ రేడియోలో చెప్పింది. కొమ్మల మీద నాచు చీరకొంగులా వేలాడుతున్న ఒక స్ప్రూస్ మొదట్లో అత్తయ్య నిలబడి దండం పెట్టుకున్నారు.

తిరిగొచ్చాక లారీలు ఆగే యార్డు ఆఫీసుకు ఒక కార్డు పంపాం. పెద్దమ్మాయి దుంగల లారీ బొమ్మ గీసి, పక్కన 11 అంకెతో కిలోమీటరు బోర్డు పెట్టింది. అత్తయ్య తెలుగులోనే రాస్తానన్నారు: "నాయనా, నా బిడ్డల్ని రోడ్డు మీద వదిలి వెళ్లకుండా ఆగావు. నువ్వు, నీ పిల్లలు చల్లగా ఉండాలి." కింద ఇంగ్లీషులో అర్థం రాసి పంపించాం.