ఆ గది తాళం తీయించండి మంత్రిగారూ

గౌరవనీయులైన మంత్రిగారికి,

ఒడిశాలోని పర్లాకిమిడి నుంచి ఓ సంగీతం మాస్టారు నమస్కరించి రాస్తున్నది. మూడు అర్జీలు ఒడియాలో ఇచ్చాను, రసీదులు నా దగ్గరే ఉన్నాయి, జవాబే రాలేదు. అందుకే ఈసారి నా భాషలో, అందరూ చదివేలా రాస్తున్నాను.

మా పిల్లలకి సంగీతం వినే గది ఇస్తామన్నారు. గోడలకు రంగులేశారు, కుర్చీలొచ్చాయి, హెడ్‌ఫోన్స్ పెట్టెలూ వచ్చాయి. కిటికీలోంచి చూస్తే వాటి మీద టేపు కూడా విప్పలేదు. రెండు వానాకాలాలు పోయాయి, చెమ్మకి కింది పెట్టె అట్ట ఉబ్బిపోయింది. ఇక్కడడిగితే తాళం పై ఆఫీసులో ఉందంటారు, అక్కడికెళ్తే బిల్లు పాస్ కాలేదంటారు, మళ్ళీ ఇక్కడికొస్తే రేపు రమ్మంటారు.

ఫోన్లో వినిపించుకోవచ్చుగా అన్నారు ఒక ఆఫీసరు గారు. వినిపించానండి. మంగోలియా వాళ్ళ ఖూమీ, 2010లో యునెస్కో సాంస్కృతిక వారసత్వ జాబితాకెక్కిన గానం. ఒక్క మనిషి గొంతులో ఒకేసారి రెండు స్వరాలు, కింద తంబురా శ్రుతిలా బరువైన నాదం, దాని మీద వేణువంత సన్నగా ఇంకోటి. ఫోను స్పీకరులో ఆ కింది నాదం సరిగా పలకదు. మా తొమ్మిదో తరగతి కుర్రాడు "ఈల వేస్తున్నాడా మాస్టారూ?" అన్నాడు. నా పాత ఇయర్‌ఫోన్స్ ఇచ్చాను, ఒక పక్కే పనిచేస్తుంది. చెవిలో పెట్టుకుని కాసేపు కదల్లేదు, "ఇద్దరు పాడుతున్నారు" అన్నాడు. ఒక్కడేరా అంటే నమ్మడు. మిగతా పిల్లలందరికీ ఒక్కొక్కరికీ ఇస్తూ పోయేసరికి గంట కొట్టేశారు, పశ్చిమ ఆఫ్రికా వాళ్ళు ఎండిన సొరకాయ బుర్రకి తీగలు బిగించి వాయించే కోరా వినిపిద్దామనుకున్నది అలాగే ఉండిపోయింది. 21 తీగలండీ దానికి! ఆ కుర్రాడి తాత తప్పెటగుళ్ళు ఆడిన మనిషి, వాడి చెవి అలాంటిది.

సవర భాష నేర్చుకుని వ్యాకరణం రాసిన గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరిది. తెలుగు, ఒడియా, సవర పిల్లలు ఒకే బెంచీ మీద కూర్చుంటారు. పక్కవాళ్ళ పాట వినాలన్న ఆశ వీళ్ళకి ఎవరూ నేర్పక్కర్లేదు, వినే చోటు ఇస్తే చాలు.

జూన్ 21 ప్రపంచ సంగీత దినోత్సవం, 1982లో ఫ్రాన్సులో మొదలైంది. ఆ రోజుకైనా తెరిపించండి, దండం పెడతాను. సభ వద్దు, రిబ్బను వద్దు. తాళంచెవి ఎవరి దగ్గరుందో చెప్పించండి చాలు, నేనే వెళ్ళి తెచ్చుకుంటాను.