‘ఎపిటాఫియోస్’లో బుజూకీ అలంకారం కాదు

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ అనుబంధంలో గ్రీకు స్వరకర్త మికిస్ థియోడోరాకిస్ మీద వచ్చిన వ్యాసాన్ని ఆసక్తిగా చదివాను. అయితే ఆయన ‘ఎపిటాఫియోస్’ పాటల వరుసను జానపద బాణీలకు పైపై హంగులు అద్దిన ప్రయోగమని ఒక్క వాక్యంలో తేల్చివేయడం సరికాదనిపించి ఈ లేఖ రాస్తున్నాను.

1936 మే నెలలో థెస్సలోనికీలో సమ్మెకు దిగిన పొగాకు కార్మికులపై పోలీసులు కాల్పులు జరిపారు. కొడుకు శవం మీదికి వంగి నడివీధిలో ఏడుస్తున్న తల్లి ఫోటోను పత్రికలో చూసి గ్రీకు కవి యానిస్ రిట్సోస్ ఆ పాటలకు మూలమైన ‘ఎపిటాఫియోస్’ కావ్యం రాశారు. ఆ ఆగస్టులో మొదలైన మెటాక్సాస్ నియంతృత్వం ఏథెన్స్‌లో దాని ప్రతులను తగులబెట్టించింది. కావ్యంలో ప్రతి పాదానికీ పదిహేను అక్షరాలు. ఎనిమిదో అక్షరం తరువాత చిన్న విరుపు, ఆపై ఏడు. గ్రీకు పల్లెల్లో చావు ఇంట స్త్రీలు పాడే ఏడుపు పాటలకూ ఈ నడక ఉంది. పాదాలు రెండేసిగా జతపడటం చూస్తే మన ద్విపద గుర్తుకు రాక మానదు (మనకు ప్రాస రెండో అక్షరంలో, వారికి పాదం చివర, అది వేరే సంగతి).

1958లో పారిస్‌లో ఉన్న థియోడోరాకిస్ ఈ కావ్యం నుంచి ఎనిమిది పాటలు కట్టారు. అసలు సాహసమంతా ఇక్కడే ఉంది. తల్లి శోకానికి ఆయన ఎంచుకున్నది కచేరీ మందిరాల గాంభీర్యాన్ని కాదు, రేవు పట్టణాల సారాయి కొట్లలో పెరిగిన, పెద్దమనుషులు చీదరించుకున్న రెబెటికో బాణీని. తొమ్మిది మాత్రల మీద మగవాడు ఒంటరిగా తూలుతూ ఆడే జైబెకికో, దానితోపాటు హసాపికో అనే మరో నృత్యపు నడక, వాటి వెంట బుజూకీ అనే గ్రీకు తీగ వాద్యం.

1960లో ఇవే పాటలు రెండు రకాలుగా రికార్డయ్యాయి. మరో స్వరకర్త మానోస్ హజిదాకిస్ వాద్య సమ్మేళనంలో గాయని నానా మూస్కూరీ పాడినప్పుడు దుఃఖం మెత్తగా, దూరం నుంచి వినిపిస్తుంది. గ్రిగోరిస్ బిథికోట్సిస్ గొంతులో ఆ మెత్తదనం లేదు. ఆయన పాదం ముగించి ఊపిరి తీసుకునే చోట మానోలిస్ హియోటిస్ బుజూకీ అందుకుంటుంది, ఆ తీగల కరుకుదనంలో ఏడుపు కాస్తా నిలదీతగా మారుతుంది. ఏది సరైనదని ఆనాడు గ్రీసులో పెద్ద వాగ్వాదమే నడిచింది. రెబెటికోను సమర్థిస్తూ 1949లోనే ఏథెన్స్‌లో ఉపన్యసించిన హజిదాకిస్‌దే ఆ మెత్తని రూపం కావడం విచిత్రమే.

బాణీలు మారలేదు, మాటలు మారలేదు. అయినా బుజూకీ తీసేస్తే పాట అర్థమే మారుతోంది. అలాంటప్పుడు దానిని పైపై హంగుల లెక్కలో చేర్చడం ఎలా కుదురుతుంది? 1967లో వచ్చిన సైనిక ప్రభుత్వం థియోడోరాకిస్ పాటలను పాడటాన్నే కాదు, వినడాన్ని కూడా నిషేధించిందని మీ వ్యాసమే చెబుతోంది. ఉత్త హంగులకు ఏ ప్రభుత్వమూ అంతగా భయపడదు కదా.

వ్యాసంలో మూస్కూరీ పాడిన రికార్డు ప్రస్తావన మాత్రమే ఉంది. బిథికోట్సిస్ పాడిన దానిని కూడా పాఠకులకు పరిచయం చేయవలసిందిగా మనవి.

భవదీయుడు,
ఒక పాఠకుడు